ఆదివారం క్విజ్‌కి ముందు

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఆరింటికి సెల్లార్‌లో క్విజ్. పిల్లలూ పెద్దలూ కలిసే జట్లు. చరిత్ర అనగానే 1591, చార్మినార్ దగ్గరే ఆగిపోవద్దు. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ గుర్తించింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే! 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఉంది, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి.

సింధు పతకాలు అందరికీ తెలుసు. మరి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం? ఆయన హైదరాబాదీయే. 1962 ఆసియా క్రీడల స్వర్ణం కూడా ఆయన శిక్షణలోనే వచ్చింది. ఇలాంటి పేర్లు మన పిల్లల నోట వినాలని నాకు చాలా కోరిక.

సినిమా ప్రశ్నలూ ఉంటాయి, టెన్షన్ వద్దు. జట్ల పేర్లు శనివారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి.