జాబ్‌మేళాలో కనిపించని ఫైనాన్స్ ఉద్యోగాలు

సంపాదకుడికి,

అయ్యా,

నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ జాబ్‌మేళా పెడితే 'బీకాం, ఎంబీఏ ఫైనాన్స్' అని రాసిన వరసలో ఏముంటాయో అందరికీ తెలిసిందే. బీమా పాలసీలు అమ్మడం, మైక్రోఫైనాన్స్ వాయిదాలు వసూలు చేయడం, నెలకు ఇన్ని డీమ్యాట్ ఖాతాలు తెరిపించడం. రెండు నెలలు ఎండలో తిరిగి మానేసిన పిల్లలు ఇంట్లో చెప్పే మాట కూడా ఒకటే: 'అసలు ఉద్యోగాలన్నీ ముంబయిలో ఉంటాయి, మనకు రావు.' ఇందులో సగమే నిజం. మిగతా సగం చెప్పేవాళ్లు మన కాలేజీల్లో లేరన్నదే మా ఫిర్యాదు.

ముందు నిజమైన సగం. కంపెనీలను మార్కెట్‌కు తెచ్చే మర్చంట్ బ్యాంకింగ్, విలీనాల బేరాలు, ఫండ్ మేనేజర్ల కుర్చీలు చాలావరకు ముంబయిలోనే ఉన్నాయి. కావలిలోనో కందుకూరులోనో డిగ్రీ చదివి నేరుగా అక్కడికి వెళ్లడం దాదాపు జరగని పని. జరుగుతుందని ఆశపెట్టి కోర్సులు అమ్మేవాళ్లకు ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

ఇక రెండో సగం. దేశంలో మ్యూచువల్ ఫండ్ మదుపరుల ఖాతాలను ప్రధానంగా రెండు సంస్థలు (రిజిస్ట్రార్లు) చూస్తాయి. కామ్స్ కేంద్ర కార్యాలయం చెన్నైలో, కేఫిన్‌టెక్‌ది హైదరాబాద్‌లో. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు. పొద్దున రైలెక్కితే ఇంటర్వ్యూ చూసుకుని రాత్రి భోజనం వేళకు ఇంటికి చేరొచ్చు. హైదరాబాద్‌లో విదేశీ బ్యాంకులూ ఫండ్ కంపెనీలూ సొంత కేంద్రాలు పెట్టుకున్నాయి. ఫండ్ అకౌంటింగ్, ట్రేడ్ సెటిల్‌మెంట్, రికన్సిలియేషన్ (రెండు పుస్తకాల లెక్కలు సరిపోల్చడం), కేవైసీ పరిశీలన లాంటి పనులవి. బీకాం చదివినవాళ్లను తీసుకునేది ఇక్కడ. షిఫ్టుల సంగతి మాత్రం ముందే తెలుసుకోవాలి. మన ఈక్విటీ ఫండ్ల ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) అదే రోజు రాత్రి 11 గంటలలోపు ప్రకటించాలి కాబట్టి ఆ బల్ల దగ్గర పని సాయంత్రం మొదలవుతుంది. అమెరికా ఫండ్లయితే రాత్రంతా ఉంటుంది. ఇది తెలియక చేరి మూడో నెలలో వెనక్కొచ్చేవాళ్లున్నారు.

ఇంటర్వ్యూలో ఎలాంటి ప్రశ్న వస్తుందో ఒక ఉదాహరణ. ఫండ్ దగ్గర ఒక కంపెనీ షేర్లు లక్ష ఉన్నాయి, ధర రూ.800. విలువ 8 కోట్లు. కంపెనీ 1:1 బోనస్ ఇచ్చింది, అంటే ఉన్న ప్రతి షేరుకూ ఇంకో షేరు ఉచితం. ఎక్స్‌డేట్ రోజున (బోనస్ హక్కు లేకుండా షేరు ట్రేడయ్యే మొదటి రోజు) ధర సుమారు రూ.400కు దిగుతుంది, షేర్లు రెండు లక్షలవుతాయి, విలువ అంతే ఉంటుంది. కానీ పుస్తకాల్లో షేర్లు లక్షే ఉండిపోయి ధర మాత్రం 400 పడితే? 4 కోట్లు మాయం. ఆ రోజు ఎన్ఏవీ తక్కువ పడుతుంది, కొత్తగా కొన్నవాళ్లకు రావలసినదానికంటే ఎక్కువ యూనిట్లు పోతాయి, ఆ నష్టం పాత మదుపరులు మోస్తారు. ఆఫీసు భాషలో దీన్ని 'బ్రేక్' అంటారు. కస్టోడియన్ (ఫండ్ షేర్లను భద్రపరిచే సంస్థ) పంపిన స్టేట్‌మెంట్‌నూ మన పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడ పుట్టిందో పట్టుకోవాలి. జర్నల్ ఎంట్రీలు వచ్చిన విద్యార్థికి ఇది గంట పాఠం. డిగ్రీ మొత్తంలో ఆ గంట దొరకడం లేదు.

దొరికేది ప్రాజెక్టు రిపోర్టు. 'ఎ స్టడీ ఆన్ వర్కింగ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్' అని జిరాక్స్ షాపులో ఒకే ఫైలు, ఏటా కంపెనీ పేరు మారుతుంది, రెగ్జిన్ బైండింగు మీద బంగారు అక్షరాలు మారతాయి. 'మీ ప్రాజెక్టులోని కంపెనీకి బాకీలు వసూలు కావడానికి సగటున ఎన్ని రోజులు పడుతుంది?' అని అడగ్గానే దొరికిపోతారు. దానికి బదులు అవంతి ఫీడ్స్ లాంటి లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదికలు ఎన్ఎస్ఈ, బీఎస్ఈ వెబ్‌సైట్ల నుంచి ఉచితంగా దించుకుని, ఐదేళ్ల లాభనష్టాల పట్టికను స్వయంగా ఎక్సెల్‌లో ఎక్కించమనండి. రొయ్యల మేతలో చేపపొడి, సోయా ముఖ్యం. సోయా ధర 10 శాతం పెరిగి, మేత ధర పెంచలేకపోతే మార్జిన్ ఎంత తగ్గుతుందో ఒక గడిలో లెక్క కట్టమనండి. ఇందుకూరుపేట, అల్లూరు వైపు పిల్లలకు 30 కౌంటుకూ 100 కౌంటుకూ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ధరలో తేడా ఎందుకో, తెల్లమచ్చ రోగం సోకితే చెరువులో రొయ్యల పట్టుబడి ఎందుకు ముందే చేసేస్తారో చెప్పక్కర్లేదు. ముంబయి అనలిస్టు విమానమెక్కి వచ్చి అడిగి రాసుకునేది ఇదే. చీమకుర్తి గ్రానైట్, ఒంగోలు పొగాకు వేలం సంగతీ అంతే. ఆ ఒక్క ఎక్సెల్ ఫైలు, ఒక పేజీ రెజ్యూమె ఉంటే చాలు. తండ్రి పేరు, హాబీలు, డిక్లరేషన్‌తో మూడు పేజీలు నింపాల్సిన పనిలేదు.

సర్టిఫికెట్ల విషయానికొస్తే, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నెలకొల్పిన ఎన్ఐఎస్ఎం పరీక్షలతో మొదలుపెట్టడం మంచిది. మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్లకు సిరీస్ 5-ఏ: 100 మార్కులు, రెండు గంటలు, 50 వస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు, ఫీజు సుమారు రూ.1,500. ఈక్విటీ డెరివేటివ్స్ సిరీస్ 8కీ రీసెర్చ్ అనలిస్ట్ సిరీస్ 15కీ 60 శాతం రావాలి, తప్పు జవాబుకు పావు వంతు కోత ఉంటుంది. తప్పేవాళ్లు ఎక్కువగా పాత ప్రశ్నల యాప్‌ల మీద ఆధారపడ్డవాళ్లే. 2024 జులై నుంచి లిస్టెడ్ షేర్ల స్వల్పకాలిక లాభాలపై పన్ను 20 శాతం, దీర్ఘకాలిక లాభాలపై 12.5 శాతం అయింది. యాప్‌లో ఇంకా 15, 10 అనే ఉంటుంది. ఎన్ఐఎస్ఎం వర్క్‌బుక్కే చదవాలి. ఇంకో చిన్న చిక్కు: పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పదో తరగతి మెమోలో పొడి అక్షరమే ఉంటే తర్వాత సర్టిఫికెట్ దగ్గర తంటా వస్తుంది. పరీక్షకు ముందే సరిచేసుకోవాలి. పెట్టుబడుల విశ్లేషణలో అంతర్జాతీయ కోర్సు సీఎఫ్ఏ గొప్ప చదువే, కానీ ఫీజు డాలర్లలో, ఒక్కో లెవెల్‌కు దాదాపు లక్ష. మొదటి ఉద్యోగం వచ్చాక ఆలోచించవచ్చు.

ఉన్న ఊళ్లోనే ఉండాలనుకునేవారికి మ్యూచువల్ ఫండ్ పంపిణీ ఒక దారి. సిరీస్ 5-ఏ పాసై, ఫండ్ కంపెనీల సంఘమైన ఆంఫీ దగ్గర ఏఆర్ఎన్ (డిస్ట్రిబ్యూటర్ నమోదు సంఖ్య) తీసుకోవాలి. లెక్క మాత్రం కళ్లు తెరిచి చూడాలి. పెట్టుబడి పెట్టించగానే చేతికొచ్చే అప్‌ఫ్రంట్ కమీషన్‌ను సెబీ 2018లో ఆపేసింది. ఇప్పుడు వచ్చేది ప్రధానంగా ట్రెయిల్, అంటే పోగై ఉన్న డబ్బు మీద ఏటా ఇంత శాతం అని వచ్చే కమీషన్. వంద కుటుంబాలు నెలకు రూ.3,000 చొప్పున సిప్ కడితే ఏడాదికి 36 లక్షలు జమవుతాయి. ట్రెయిల్ 0.8 శాతం అనుకుంటే మొదటి ఏడాది మొత్తానికి వచ్చేది 15 వేల చిల్లర, ఎందుకంటే డబ్బు నెలనెలా కొంచెం కొంచెంగానే చేరుతుంది. రెండో ఏడాది 44 వేల దగ్గర. 5 కోట్లు పోగయ్యాక గానీ ఏటా 4 లక్షలు కనిపించవు. అందుకే మొదటి మూడు నాలుగేళ్లు ఆదాయపన్ను రిటర్నులు, జీఎస్టీ లెక్కలు రాసే పని పక్కన పెట్టుకున్నవాళ్లే నిలబడ్డారు. ఈ లెక్క చెప్పకుండా 'సొంత వ్యాపారం' అని ఊదరగొట్టి పిల్లల చేత ఏఆర్ఎన్ తీయించడం అన్యాయం.

మోసాల గురించి రెండు మాటలు. ఉద్యోగమిచ్చే ముందు 'శిక్షణ రుసుము', 'ల్యాప్‌టాప్ డిపాజిట్' అడిగితే అక్కడితో ఆగిపోవాలి. 'ట్రేడర్ ఉద్యోగం' అని పిలిచి, సొంత డబ్బు పెట్టించి ఆప్షన్లు ఆడిస్తే అది ఉద్యోగమే కాదు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 100కి 93 మంది నష్టపోయారని సెబీయే తేల్చింది.

విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాలు కామర్స్ విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌ను సీఏ ఆఫీసుల్లో, డిస్ట్రిబ్యూటర్ల దగ్గర, ఫండ్ రిజిస్ట్రార్ల సేవా కేంద్రాల్లో చేయిస్తే బాగుంటుంది. బైండు పుస్తకానికి బదులు విద్యార్థి కట్టిన ఎక్సెల్ ఫైలును ఎదురుగా తెరిపించి మార్కులు వేయాలి. జిల్లా ఉపాధి కార్యాలయానికి ఇంకా చిన్న పని: మేళాలో ప్రతి ఫైనాన్స్ స్టాల్ ముందు మూడు వివరాలు తెలుగులో రాయించి అతికించాలి. కమీషన్ కాకుండా నికరంగా వచ్చే జీతం ఎంత, నెల టార్గెట్ ఎంత, టార్గెట్ తప్పితే జీతంలో ఎంత కోస్తారు.

ఇట్లు,
కొందరు కామర్స్ అధ్యాపకులు, మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్లు
నెల్లూరు