జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2021లో వరంగల్ సెంట్రల్ జైలు ఖాళీ చేసి ఖైదీలను వేరే జైళ్లకు పంపారు. ఇలాంటి బదిలీల్లో ముందు పోయేది పుస్తకాలే. గట్టి అట్ట బైబిలైతే తనిఖీలో అట్ట కోస్తారు, కుట్టు వదిలి ఆదికాండము పేజీలు ఊడిపోతాయి. కాబట్టి మెత్తని అట్ట, పెద్దక్షరాల కొత్త నిబంధన (బైబిల్ రెండో భాగం) ప్రతులు బ్యారక్‌కు 10 చొప్పున అనుమతించండి.

అపొస్తలుడైన పౌలు చెరలోంచి శిష్యుడు తిమోతికి రాస్తూ అంగీతో పాటు పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మన్నాడు. ఫిలిప్పీ పట్టణం జైల్లో ఆయన, సహచరుడు సీల కాళ్లకు బొండ (చెక్క సంకెల) బిగించి ఉండగానే మధ్యరాత్రి పాడారు. భూకంపంతో తలుపులు తెరుచుకున్నా పారిపోలేదు. లోపలి స్వేచ్ఛ అని మేం అనేది దాన్నే.

ఆదివారం ప్రార్థనకు 45 నిమిషాలు ఇవ్వండి. హాజరుకు మాత్రం రెమిషన్ (శిక్ష తగ్గింపు) ముడిపెట్టొద్దు. పెడితే నటన మొదలవుతుంది.

ఇట్లు,
జైలు పరిచర్య చేసే విశ్వాసులం, హనుమకొండ