శీనుకి, ఆ ఒంటికన్ను తలనొప్పి గురించి

ఒరేయ్ శీనూ,

నిన్న రాత్రి చెల్లెమ్మ ఫోన్ చేసింది. నాకు చెప్పొద్దని నువ్వన్నావట. అయినా చెప్పింది, మంచి పని చేసింది. తన మీద కోప్పడకు.

రాత్రి ఒంటిగంట దాటగానే ఉలిక్కిపడి లేస్తున్నావట. ఎడమ కన్ను చింతనిప్పులా ఎర్రబడి నీళ్లు కారుతున్నాయట, అదే వైపు ముక్కు దిబ్బడేసి కారుతోందట. పడుకోలేక, కూర్చోలేక వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నావని, గోడకేసి తల కొట్టుకుంటున్నావని చెబుతూ ఏడ్చింది. గంట తర్వాత ఎవరో స్విచ్ తీసేసినట్టు తగ్గిపోతే వచ్చి పడుకుంటున్నావట. మర్నాడు రాత్రి మళ్లీ అదే టైముకి. దీపావళి వెళ్లాక మొదలైందని, పోయినేడు కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే వచ్చి సంక్రాంతి లోపు దానంతటదే పోయిందని కూడా చెప్పింది. పిన్నిగారేమో కార్తీక స్నానాల మంచు పట్టిందని శొంఠి పట్టు వేస్తున్నారట. చెవి ముక్కు గొంతు డాక్టరు సైనస్ అని యాంటీబయాటిక్స్ రాశాడు. ఇప్పుడు పళ్ల డాక్టరు పైదవడ పన్నుకి రూట్ కెనాల్ చేద్దామంటున్నాడు.

తను చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించిందిరా. ఎందుకంటే అది అచ్చం నా తలనొప్పి. నీది ఎడమ, నాది కుడి, అంతే తేడా.

ముందుగా ఒక్కటి చెబుతాను, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకో. ఆ పన్ను జోలికి ఇప్పుడే వెళ్లకు. ముందు న్యూరాలజిస్ట్‌ని కలువు. మనవైపు న్యూరో ఫిజీషియన్ అంటారే, ఆయన్ని. ఆపరేషన్లు చేసే న్యూరోసర్జన్ కాదు. నీకున్నది క్లస్టర్ తలనొప్పి అని నాకు గట్టిగా అనిపిస్తోంది. నేను డాక్టర్ని కాదు, తేల్చి చెప్పాల్సింది వాళ్లే. కానీ ఈ పేరు నువ్వు వాళ్ల ముందు పెట్టాలి. ఎందుకంటే ఇది వెయ్యిమందిలో ఒకరికి వచ్చే జబ్బు, హడావిడిగా నడిచే ఓపీలో చాలామందికి చప్పున తట్టదు. నాకు పేరు తెలిసేసరికి ఏళ్లు గడిచాయి. ఒకచోట సైనస్ అన్నారు, ఒకచోట మైగ్రేన్ అన్నారు, ఇంకోచోట టెన్షన్ తగ్గించుకోమన్నారు. గట్టిగా ఉన్న పన్ను ఒకటి పీకేశారు కూడా. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

సైనస్ ఇలా ఉండదు. దానికి జ్వరం, చిక్కటి చీమిడి, ముఖమంతా బరువు, రోజంతా లాగుతూ ఉండే నొప్పి. అంతేగానీ ఒక గంట వచ్చి, పూర్తిగా పోయి, మళ్లీ మర్నాడు గడియారం చూసుకుని రాదు. నీకు ముక్కులోంచి వచ్చేది పల్చటి నీరు, అదీ నొప్పి ఉన్న వైపే. మైగ్రేన్ అయితే మా అక్కయ్యని చూశావుగా, లైటు ఆర్పేసి, తలుపేసుకుని, కదలకుండా పడుకుంటుంది. అలికిడైనా భరించలేదు. మనం అలా పడుకోలేం. తిరగాలి, ఊగాలి, తల దేనికైనా నొక్కిపెట్టాలి. ఈ నిలవలేకపోవడం డాక్టర్లు చూసే గుర్తుల్లో ఒకటి, అందుకే దాన్ని సిగ్గుపడి దాచకు. "నొప్పి వచ్చినప్పుడు పడుకోలేనండీ, తిరుగుతూనే ఉంటాను" అని ఆ మాటే చెప్పు.

వాళ్లు లెక్కలోకి తీసుకునేవి ఇవి. నొప్పి ఎప్పుడూ ఒకే వైపు, కంటి లోపలో, కనుబొమ మీదో, కణతలోనో. మందు వేసుకోకపోతే పావుగంట నుంచి మూడు గంటల దాకా ఉంటుంది. రోజు విడిచి రోజు ఒకసారి నుంచి రోజుకి 8 సార్ల దాకా రావచ్చు. ఆ వైపే కన్ను ఎర్రబడటం, నీళ్లు కారడం, రెప్ప వాలడం లేదా ఉబ్బడం, కంటిపాప చిన్నదవడం, నుదుట చెమట, ముక్కు దిబ్బడ లాంటివి కనిపిస్తాయి. ఇలాంటివి కనీసం 5 దాడులు జరిగి ఉండాలి. వారాలో నెలలో గుంపుగా వచ్చి, తర్వాత నెలల తరబడి మాయమైపోతుంది. కొందరికి ఆ విరామమే ఉండదు, వాళ్ల బాధ చెప్పనలవి కాదు. మగవాళ్లలో ఎక్కువంటారు గానీ ఆడవాళ్లకీ వస్తుంది. వాళ్లకి మైగ్రేన్ అని పేరు పెట్టి పంపేయడం ఇంకా ఎక్కువ.

ఆ టైము ఏంటి అని నువ్వు అడుగుతావు, నేనూ అడిగాను. మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంది, నిద్ర మెలకువల గడియారం దాని చేతిలోనే ఉంటుంది. 1998లో లండన్‌లో పరిశోధకులు, దాడి జరుగుతుండగా, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే పెట్ స్కాన్ తీసి చూస్తే సరిగ్గా ఆ భాగమే చురుగ్గా కనిపించింది. ఇక ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం రేగితే, దానితో ముడిపడిన నరాలు కన్నీళ్లనీ ముక్కునీ కదిలిస్తాయి. పైపళ్లకి వెళ్లేదీ ఆ నరం కొమ్మే కాబట్టి నొప్పి పంట్లో ఉన్నట్టు అనిపిస్తుంది. పన్ను మాత్రం బాగానే ఉంటుంది.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. పోయినేడు కాకినాడలో పెళ్లికి వెళ్లినప్పుడు నువ్వు ఒక్క బీరు తాగి, కాసేపటికే కన్ను పట్టుకుని గదిలోకి వెళ్లిపోయావు. భోజనానికి కూడా రాలేదు. ఇది నడుస్తున్న రోజుల్లో మందు కొంచెం తాగినా గంటలోపే నొప్పి రావడం చాలామందికి ఉంటుంది. విరామంలో తాగితే ఏమీ కాదు. డాక్టరుకి ఇది తప్పకుండా చెప్పు, పక్కన పిన్నిగారు ఉన్నా సరే. అప్పటిదాకా ఒక్క చుక్క వద్దు. సిగరెట్ మానడం గుండెకీ ఊపిరితిత్తులకీ మంచిదే, మానమనే చెబుతాను. మానితే ఇది పోతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఒక పని చెయ్యి. పాత డైరీ ఏదైనా తీసుకుని తేదీ, మొదలైన టైము, తగ్గిన టైము, ఏ వైపు, ఏం వేసుకున్నావు, రాసిపెట్టు. చెల్లెమ్మని ఫోన్‌లో ఒక వీడియో తీయమను. ఎదురుగా కూర్చున్నప్పుడు నువ్వు మామూలుగానే కనిపిస్తావు కదా, ఆ వాలిన రెప్ప, కారే కన్ను, నీ తిరుగుడు ఒక్క నిమిషం చూపిస్తే వంద మాటలు చెప్పక్కర్లేదు. నాకు అసలు పేరు తెలిసింది మా ఆవిడ తీసిన వీడియో వల్లే.

ఎమ్మారై రాస్తారు, భయపడకు. క్లస్టర్ తలనొప్పి ఎమ్మారైలో కనపడదు. పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డల్లాంటివి ఇదే వేషంలో వస్తాయేమో చూడటానికి తీస్తారు. నార్మల్ అని వస్తే "ఏమీ లేదట" అని మనవాళ్లు అంటారు. ఏమీ లేకపోవడం కాదు, వేరే కారణం లేదని అర్థం. పోలికున్న జబ్బులు కూడా ఉన్నాయి. ఒకదాన్లో నొప్పి అరగంటకి మించదు గానీ రోజుకి ఎక్కువసార్లు వస్తుంది, ఇండోమెథాసిన్ అనే మాత్రకి పూర్తిగా లొంగిపోతుంది. మందులే వేరు కాబట్టి ఏదో తేల్చుకోవడం ముఖ్యం.

ఇక్కడ కాస్త ఆగి జాగ్రత్తగా చదువు. ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగిసినా, కాలో చెయ్యో పడిపోయినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, నొప్పి పోయాక కూడా రెప్ప వాలే ఉన్నా ఎదురుచూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. కన్ను ఎర్రబడి చూపు మసకబారి, లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే కంటి డాక్టరు దగ్గరికి ఆ పూటే పరుగెత్తాలి, అది కంట్లో ఒత్తిడి పెరిగే గ్లాకోమా కావచ్చు.

మంచి మాట కూడా చెప్పాలి కదా. దీనికి మందుంది. ఆ మామూలు నొప్పి మాత్రలు కాదు, అవి పనిచేసేలోపు దాడే అయిపోతుంది. నాకు ప్రాణం లేచొచ్చింది ఆక్సిజన్‌తోరా. అవును, కోవిడప్పుడు మనం సిలిండర్ల కోసం తిరిగామే, అదే. స్వచ్ఛమైన ఆక్సిజన్, నిమిషానికి 12 లీటర్లు, సంచి ఉన్న మాస్కుతో, పావుగంట. 2009లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ప్రయోగంలో ఇలా ఇస్తే 78 శాతం దాడులు పావుగంటలో తగ్గాయి, మామూలు గాలి ఇస్తే 20 శాతమే. కోవిడప్పుడు కొన్న, గాలిలోంచి ఆక్సిజన్ తీసే 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ మూలన ఉంది కదా, అది చాలదు. డాక్టరు చేత చీటీ రాయించుకుని సిలిండర్ తెచ్చుకోవాలి. సిలిండరున్న గదిలో దేవుడి దీపం, సిగరెట్, పొయ్యి ఏదీ ఉండకూడదు.

సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ కూడా ఉంది, చర్మం కింద 6 మిల్లీగ్రాములు, నిమిషాల్లో పనిచేస్తుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకి పనికిరాదు. అసలు దాడులే రాకుండా వెరాపమిల్ రాస్తారు. మెడికల్ షాపులో "ఇది బీపీ మందు కదండీ" అంటారు, కంగారుపడి మానేయకు. కానీ మోతాదు పెంచేటప్పుడల్లా ఈసీజీ తీయాలి, సొంతంగా పెంచుకోకూడదు. అది పనిచేయడం మొదలయ్యేలోపు కొన్నాళ్లు స్టెరాయిడ్ ఇస్తారు, నీకు షుగరుంది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పు.

ఇంకొకటి, ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. ఆ నొప్పిలో "ఇంతకంటే చావే నయం" అని నువ్వన్నావని చెల్లెమ్మ చెప్పింది. ఆ గంటలో ఆ మాట ఎందుకొస్తుందో నాకు తెలుసు. నువ్వు పిరికివాడివని కాదు, ఆ నొప్పి అలాంటిది. ఆ ఆలోచన వచ్చిన రాత్రి ఒంటరిగా ఉండకు, చెల్లెమ్మని లేపు, నాకు ఫోన్ చెయ్యి, రెండైనా మూడైనా ఎత్తుతాను. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. డాక్టరుకి కూడా దాచకుండా చెప్పు.

రాజమండ్రిలోనూ కాకినాడలోనూ న్యూరాలజిస్టులు ఉన్నారు, ఈ వారంలో దొరికితే అక్కడే చూపించు. ఆలస్యమైతే ఇక్కడికి వచ్చెయ్, నిమ్స్‌కి కలిసి వెళ్దాం. రాత్రి బండి ఎక్కకు, బెర్తు మీద ఆ టైముకి వస్తే నరకం. పగలు వందే భారత్‌లో రా, టికెట్ నేను తీస్తాను. సైనస్ ఎక్స్‌రే, వాడిన మందుల చీటీలు, ఆ డైరీ తెచ్చుకో. ఏ రోజు కుదురుతుందో చెల్లెమ్మ చేత మెసేజ్ పెట్టించు.

నీ
మూర్తి