పెద్దవాళ్లు కార్టూన్ చొక్కా వేసుకుంటే ఎవరికి నష్టం?

సంపాదకులు గారికి,

బొమ్మల టీషర్టులు, డంగరీలు (భుజాల మీద పట్టీలుండే ప్యాంట్లు), కుచ్చుల గౌన్లు వేసుకునే పెద్దవాళ్లను వెటకారం చేస్తూ మీరు వేసిన వ్యాసం చదివాను. వయసుకు తగ్గ బట్టలు అని ఒకటే గోల! డంగరీ మొదట కూలీలు పనిలో వేసుకున్న బట్ట, పిల్లల దాకా తర్వాత వచ్చింది. సెయిలర్ సూటూ అంతే, 1846లో విక్టోరియా రాణి నాలుగేళ్ల కొడుక్కి నావికుల యూనిఫాం చిన్న సైజులో కుట్టించి తొడిగారు, అది చూసి జనం ఎగబడి చివరికి దాన్ని పిల్లల ఫ్యాషన్ చేసేశారు. మరి పెద్దవాళ్లది పెద్దవాళ్లు తిరిగి తీసుకుంటే తప్పేంటి?

ఇంకో సంగతి, పొట్టిగా సన్నగా ఉండే నాలాంటివాళ్లు పిల్లల సెక్షన్‌కి సరదాకే వెళ్లరు. అక్కడ "పాపకి ఎన్నేళ్లండీ?" అని అడిగితే నాకే అని చెప్పడం ఇబ్బందే (ఒక్కోసారి మేనకోడలికి అనేస్తాను). పద్నాలుగేళ్ల సైజు నడుముకు సరిపోయినా ఛాతీ దగ్గర డార్ట్స్ (ఒంటి ఆకారానికి అమరేలా వేసే మడత కుట్లు) ఉండవు, చెయ్యి పైకెత్తితే చంకలో కుట్టు లాగేస్తుంది, ఫుల్ హ్యాండ్స్ మణికట్టు దాకా రావు.

ఆఫీసులో డ్రెస్ కోడ్ ఉంటే పాటిస్తాం, అందులో గొడవేం లేదు. మీరు రాయాల్సింది బట్టలు తయారుచేసేవాళ్ల గురించి. ఆ రంగులు, ఆ బొమ్మలతోనే పెద్దవాళ్ల కొలతలకు కత్తిరించి, కాస్త లోతైన జేబులు పెట్టి కుట్టమనండి, పిల్లల సెక్షన్ వైపు తొంగి కూడా చూడం.

ఇట్లు,
ఒక పాఠకురాలు