తిన్నా పని చేశాడట!

సంపాదకుల వారికి,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో అమెరికాలోని ప్రావిడెన్స్ నగర మాజీ మేయర్ బడ్డీ సియాన్సీ మీద పేజీ నిండా వ్యాసం వేశారు. ఆయన విగ్గు, సొంత పేరుతో అమ్మిన టమాటా సాసు, అన్నీ రాశారు. ఊళ్లో నదుల్ని బయటికి తెచ్చిన భగీరథుడన్నారు. 'తింటే తిన్నాడు, పని చేశాడు కదా' అని జనం ఇప్పటికీ తలుచుకుంటారట. ఆ ఊళ్లోనే ఇంటి పన్ను కడుతున్నవాణ్ణి, ఉండబట్టలేక రాస్తున్నాను.

కాంక్రీటు కింద పడి ఉన్న ఆ నదులకు దారి గీసింది ఆర్కిటెక్టు విలియం వార్నర్. డబ్బులో ఎక్కువ భాగం కేంద్రం ఇచ్చిన హైవే నిధులు. పని మొదలైనప్పుడు మేయర్ కుర్చీలో ఉన్నది జోసెఫ్ పావొలీనో. మన భగీరథుడు అప్పుడు రేడియోలో కబుర్లు చెబుతున్నాడు. ఎందుకంటే ఒకాయన మీద వెలుగుతున్న సిగరెట్టుతో దాడి చేసిన కేసులో 1984లో పదవి పోయింది. దాన్ని మీరు 'వ్యక్తిగత వివాదం' అని తేల్చేశారు. బాగుంది.

1990లో 317 ఓట్ల తేడాతో మళ్లీ వచ్చాడు. మరుసటి ఏడే, రిటైరైనవాళ్లకు ఏటా 5, 6 శాతం చక్రవడ్డీలా పెరిగే పెన్షన్లకు కోర్టులో రాజీపడ్డాడు. ఆ పెంపు అంతకుముందే నగర పెన్షన్ బోర్డు చేసిన నిర్వాకం, ఒప్పుకుంటాను. కానీ ఆ రాజీ భారం నగరం ఇప్పటికీ మోస్తోంది. 2022లో పెన్షన్ నిధి కోసం 51.5 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటేయాల్సి వచ్చింది. రిబ్బన్లు ఆయన కత్తిరించాడు, బిల్లు మాకొచ్చింది.

ఇక ఊళ్లోని ప్రైవేటు క్లబ్బు, యూనివర్సిటీ క్లబ్బు సంగతి. ఎప్పుడో తనకు సభ్యత్వం ఇవ్వలేదని కక్ష పెట్టుకుని, భవనం మరమ్మతుల అనుమతి దగ్గర మోకాలడ్డాడని అభియోగం. జ్యూరీ ముందు అది నిలవలేదు. గౌరవ సభ్యత్వం మాత్రం చేతికొచ్చింది! నిలిచింది రాకెటీరింగ్ కుట్ర (ముఠాగా అక్రమాలు నడిపే కుట్ర) ఒక్కటే, 2002లో. దానికే అయిదేళ్లకు పైగా శిక్ష పడింది.

అసలు మనవాళ్లకీ జబ్బు కొత్తా? కేసులున్న నాయకుడు అమెరికా వస్తే చాలు, విమానాశ్రయంలోనే దండలు, సభలో ముందు వరస, సెల్ఫీల కోసం తోపులాట. అడిగితే 'పని చేశాడండీ' అంటారు. అక్కడ మన ఊళ్ల మేయర్లకు పాపం ఆపాటి పెత్తనమూ లేదు. సంతకం కమిషనర్‌ది, మాట ఎమ్మెల్యేది. అవిశ్వాసం పెడితే కార్పొరేటర్లు రిసార్టుల్లో తేలతారు. ఏ వార్డులో నీళ్లు రావట్లేదో అడిగే పత్రికేదీ?

2014లో సియాన్సీ మళ్లీ నిలబడితే ఊరు ఓడించి ప్రత్యర్థి ఎలోర్జాను గెలిపించింది. మీ పేజీ మొత్తంలో ఆ ముక్క లేదు. అది పోనివ్వండి, వార్నర్ పేరైనా సవరణగా వేస్తారా?

– ఒక పాఠకుడు, ప్రావిడెన్స్, రోడ్ ఐలండ్