వాట్లు అమ్మాం, నీడ చూడలేదు

మా దగ్గర తెరచాప పడవలకు సోలార్ పెట్టించుకున్న వాళ్లకూ, పెట్టించుకుందామని పేరు రాయించుకుని ఎదురుచూస్తున్న వాళ్లకూ ఈ ఉత్తరం. ఈ సీజన్‌లో మూడు పడవలు మా దగ్గరికే తిరిగొచ్చాయి. మూడూ మేం బిగించినవే. ఒకదానిలో ప్యానెల్ చచ్చిపోయింది, ఒకదానిలో ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సర్దే కంట్రోలర్ కాలిపోయింది. మూడోదానిలో సోలార్ నిక్షేపంగా ఉంది గానీ పడవను దానంతటదే దారిలో నడిపే ఆటోపైలట్‌కు పిచ్చెక్కింది. ఎక్కడ తేడా వచ్చిందని వెతికితే మూడింట్లోనూ మా తప్పు ఉంది. ఇంకొందరి పడవల్లో కూడా ఇవే పనులు చేశాం కాబట్టి దాచిపెట్టుకోవడం కుదరదు.

ముందు జిగురు సంగతి. డెక్ మీదో క్యాబిన్ పైకప్పు మీదో నేరుగా అంటించే సన్నటి, వంగే ప్యానెళ్లు మేం చాలానే అమ్మాం. అమ్మడం తేలిక కదా! చూడ్డానికి నాజూగ్గా ఉంటాయి, బరువుండవు, గాలికి అడ్డం పడవు, ప్యానెళ్లను మోసే లోహపు కమాను, అదే ఆర్చ్, వెల్డింగ్ చేయించే పని లేదు, ఒక్కరోజులో పడవ అప్పజెప్పేయొచ్చు. పైన పటారం, లోన లొటారం అని తర్వాత తెలిసొచ్చింది. సోలార్ సెల్‌కు ఎండ కావాలి గానీ వేడి పడదు. ప్యానెల్ వెనక రాసి ఉండే వాట్లు, చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు పడుతూ సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచినవి. ఆ పైన పెరిగే ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం దాకా కరెంటు తగ్గుతుంది. కింద గాలి ఆడకుండా డెక్‌కు అతుక్కున్న ప్యానెల్ మండుటెండలో 70 డిగ్రీలకు చేరితే 100 వాట్లలో పదమూడు నుంచి పద్దెనిమిది దాకా ఆ వేడికే పోతాయి.

అంతవరకే అయితే సర్దుకోవచ్చు. కానీ పగలు కాగి, రాత్రి చల్లారి, పైనున్న ప్లాస్టిక్ పొర, మధ్యలో సెల్, కింద జిగురు ఒక్కొక్కటీ ఒక్కోలా సాగి ముడుచుకుంటాయి. ఎవరో ఒకరు చూసుకోకుండా దాని మీద కాలేస్తారు. సెల్‌లో కంటికి కనపడని పగుళ్లు వస్తాయి, పగులు దగ్గర వేడెక్కుతుంది, ఆ వేడికి గోధుమరంగు మచ్చ పడుతుంది. తిరిగొచ్చిన పడవలో మచ్చ కింద డెక్ రంగు కూడా మాడిపోయి ఉంది. దాన్ని ఊడదీయడానికి మా కుర్రాళ్లిద్దరికీ రెండు రోజులు పట్టింది. అంటించడానికి పట్టింది ఒక పూట!

కాబట్టి ఇక నుంచి డెక్‌కు అంటించే పని మేం చేయం. వంగే ప్యానెల్ కావాలంటే ఎండకు పైన కప్పే బిమినీ గుడ్డ మీద, కింద గాలి ఆడేలా జిప్పులతో బిగిస్తాం, అదీ పైపొర ఈటీఎఫ్‌ఈ అనే గట్టి ప్లాస్టిక్‌తో ఉన్న రకమైతేనే. అది కొన్నేళ్లకు మార్చుకోవాల్సిన సరుకనే చెప్పి ఇస్తాం. ఇరవై ఏళ్లు మన్నాలంటే మాత్రం అల్యూమినియం ఫ్రేము ఉన్న గాజు ప్యానెలే. ఇప్పటికే అంటించుకున్న వాళ్లు ఒకసారి మధ్యాహ్నం వేళ దగ్గరికెళ్లి చూడండి. ఉబ్బులు గానీ, గోధుమ మచ్చలు గానీ, మిగతా చోట్ల కంటే బాగా వేడిగా ఉన్న చోటు గానీ కనిపిస్తే ఆ ప్యానెల్‌ను గుడ్డతో కప్పి మాకు కబురు చేయండి. ఊడదీసే కూలీ మాదే.

ఇప్పుడు నీడ. ఇన్నాళ్లూ మేం సరిగ్గా పట్టించుకోనిది ఇదే. మీరు వచ్చి “ఎన్ని వాట్లు పెడితే సరిపోతుంది?” అని అడిగేవారు, మేం ఖాళీ ఎక్కడుందో కొలిచి అక్కడ పట్టినన్ని చెప్పేవాళ్లం. ఇంటి కప్పు కదలదు, లంగరేసిన పడవ గాలి ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. మాస్ట్ (తెరచాప స్తంభం), బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర), మాస్ట్‌ను పట్టి ఉంచే తీగలు, రాడార్ కంబం, ఎగరేసిన జెండా కూడా, ఏదో ఒకదాని నీడ రోజంతా ప్యానెళ్ల మీద తిరుగుతూనే ఉంటుంది.

నీడ పడ్డ మేరకే కరెంటు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ప్యానెల్‌లో సెల్స్ అన్నీ గొలుసులాగా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. గొలుసులో ఒక్క సెల్ నీడలో పడితే మిగతావి కూడా దాని స్థాయికే దిగిపోతాయి. పైగా నీడలో ఉన్న సెల్ తాను కరెంటు ఇవ్వకపోగా మిగతావి ఇచ్చేదాన్ని వేడిగా మార్చేస్తుంది. అలా కాలిపోకుండా లోపల బైపాస్ డయోడ్లు పెడతారు. పెద్ద గాజు ప్యానెళ్లలో సాధారణంగా మూడుంటాయి, మూడోవంతు సెల్స్‌కు ఒకటి చొప్పున. బూమ్ నీడ ఒక్క వరుసను తాకితే ఆ మూడోవంతును డయోడ్ పక్కకు తప్పించి మిగతా రెండొంతులను పని చేయనిస్తుంది. అదే నీడ మూడు వరుసలకూ అడ్డంగా పడితే దాదాపు అంతా పోయినట్టే. ఒకే ప్యానెల్, ఒకే నీడ, నిలువుగా బిగించామా అడ్డంగా బిగించామా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. దీన్ని మేం పట్టించుకోకుండా ఫ్రేముకు ఎలా కుదిరితే అలా బిగించిన పడవలున్నాయి. హాఫ్‌కట్ రకంలో సెల్స్‌ను రెండుగా కోసి, పై సగం కింది సగం విడివిడిగా నడిచేలా కలుపుతారు, పడవకు అవి కాస్త నయం.

రెండు మూడు ప్యానెళ్లను ఒకదాని వెనక ఒకటిగా, అంటే సిరీస్‌లో కలిపితే ఒకదాని మీది నీడ మిగతావాటినీ లాగుతుంది. అందుకే పడవలో మేమైతే ఒక్కో ప్యానెల్‌కు ఒక్కో చిన్న ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ రాబట్టే రకం) కంట్రోలర్ పెట్టమంటాం. ఒకటి పాడైనా మిగతావి నడుస్తాయి, సముద్రం మధ్యలో అదే పెద్ద ధైర్యం. ఖర్చు కొంచెం పెరుగుతుంది, వైర్లూ పెరుగుతాయి. వద్దనుకుంటే ఒకే రకం ప్యానెళ్లను ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి పారలల్‌గా కలపొచ్చు, మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఒక్కోదానికీ విడిగా ఫ్యూజు వేసి.

కాలిపోయిన కంట్రోలర్ కథ కూడా సిరీస్‌తోనే మొదలైంది. ఆ పడవకు రెండు పెద్ద ప్యానెళ్లు, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (కరెంటు పారనప్పుడు ఉండే వోల్టేజ్) ఒక్కోదానికి 48. రెండూ కలిపితే 96, కంట్రోలర్ హద్దు 100. సరిపోయిందనుకున్నాను. లెక్క నేనే వేశాను, కాబట్టి తిట్లు కూడా నాకే చెందాలి. 96 అనేది 25 డిగ్రీల దగ్గరి మాట. చలి పెరిగే కొద్దీ ప్యానెల్ వోల్టేజ్ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.3 శాతం. ఆ పడవ చలి సముద్రాల వైపు వెళ్లింది. సున్నా డిగ్రీల తెల్లవారుజామున ఆకాశం నిర్మలంగా ఉంది, ఎండ పడగానే వోల్టేజ్ 103 దాటింది, కంట్రోలర్ పోయింది. యజమానికి కొత్తది, ఈసారి 150 వోల్టులది, మా ఖర్చుతో పంపాం. ఇదే జతతో ఉన్న పడవలు మా పుస్తకంలో ఇంకో రెండున్నాయి, వాళ్లకు ఫోన్లు చేసేశాం.

ఆటోపైలట్ గొడవ మాత్రం మమ్మల్ని నెల రోజులు తిప్పించింది. ఆ యజమాని చెప్పింది వింటే మొదట నవ్వొచ్చింది. రాత్రిళ్లు పడవ గీత గీసినట్టు పోతుందట, మధ్యాహ్నం అయ్యేసరికి పది డిగ్రీలు పక్కకు లాగుతుందట. మబ్బు పడితే మళ్లీ దారిలోకి వస్తుందట. ఆ మబ్బు మాట దగ్గరే నా నవ్వు ఆగిపోయింది. ఆర్చ్ నుంచి వచ్చే ప్లస్ వైరును ఎడమవైపు గొట్టంలోంచి, మైనస్ వైరును కుడివైపు గొట్టంలోంచి దించాం, గొట్టాలు సన్నవి కాబట్టి. ప్లస్ వైరు ఆటోపైలట్ దిక్సూచి సెన్సార్ ఉన్న పెట్టె పక్కనుంచే పోయింది. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుందని బడిలో చదువుకున్నదే. ప్లస్, మైనస్ పక్కపక్కనే ఉంటే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, విడదీస్తే ఆ పని జరగదు. ఎండ ముదిరే కొద్దీ కరెంటు పెరిగి, దిక్సూచి దారి తప్పింది. రెండు వైర్లనూ జడలా మెలివేసి ఒకే గొట్టంలోంచి దించాక సరిపోయింది. మీ దిక్సూచి మధ్యాహ్నం ఒకలా, రాత్రి ఒకలా చూపిస్తుంటే ప్యానెళ్లు కప్పి, తీసి చూడండి. ముల్లు కదిలితే మా పనే అనుకోండి.

వైర్ల గురించి ఎక్కువ చెప్పి విసిగించను. కళాయి పూసిన రాగి వైరు తప్ప ఇంకోటి వాడం, మామూలు రాగికి ఉప్పుగాలిలో పచ్చటి చిలుము పట్టి, అది ఇన్సులేషన్ కింద లోపలికంటా పాకుతుంది. కంట్రోలర్ బ్యాటరీకి దగ్గరగా ఉండాలి, దాని నుంచి బ్యాటరీకి వెళ్లే వైరులో ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. డెక్‌కు రంధ్రం చేసిన చోట వైరు కిందికి వంగి మళ్లీ పైకి వచ్చేలా చిన్న వంపు వదలాలి, లేకపోతే నీళ్లు వైరునే దారి చేసుకుని లోపలికి దిగుతాయి. అల్యూమినియం ఫ్రేమును స్టీలు బోల్టుతో బిగిస్తే మధ్యలో నైలాన్ వాషర్ ఉండాలి, రెండు లోహాలూ ఉప్పునీటిలో కలిస్తే అల్యూమినియం బూడిదలా రాలిపోతుంది.

బ్యాటరీ విషయంలో మేం ఎవర్నీ లిథియం వైపు తొయ్యం. లెడ్ యాసిడ్ బ్యాటరీలో రాసి ఉన్న దాంట్లో సగమే వాడుకోవాలి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో 80 శాతం దాకా వాడుకోవచ్చు, నిజమే. కానీ మార్చేటప్పుడు కంట్రోలర్ సెట్టింగులతో పాటు ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైపు కూడా చూసుకోవాలి. లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, అలవాటు లేని ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోతుంది. సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు కూడా.

ఇక “ఎన్ని వాట్లు” అన్న మీ ప్రశ్న. ముందు మీ ఖర్చు తేలాలి. చిన్న ఫ్రిజ్ 12 వోల్టుల మీద రోజుకు 40 నుంచి 60 ఆంపియర్ అవర్లు తాగుతుంది, వేడి ప్రాంతాల్లో ఇంకా ఎక్కువ. ఆటోపైలట్, పరికరాలు, లైట్లు, ఫోన్లు, లాప్‌టాప్ కలిపితే చాలా పడవలు వంద ఆంపియర్ అవర్ల దగ్గర తేలతాయి, 12 వోల్టులతో గుణిస్తే 1200 వాట్ అవర్లు, మన కరెంటు బిల్లు భాషలో యూనిట్ కంటే కాస్త ఎక్కువ. నీడలేని చోట, మంచి ఎండలో పరిచిన 100 వాట్ల ప్యానెల్ రోజుకు 400 వాట్ అవర్ల వరకు ఇవ్వొచ్చు. పడవ మీద మేం 300 అనే లెక్క కడతాం. ఆ లెక్కన 400 వాట్లు. మబ్బు రోజులకు, చలికాలానికి అది చాలదు. అప్పుడు ఇంకో రెండు ప్యానెళ్లు కొనే ముందు ఫ్రిజ్ చుట్టూ ఇన్సులేషన్ మందం పెంచమంటాను, దానివల్ల నా వ్యాపారం తగ్గినా సరే. ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్‌ను రాత్రంతా వేసి ఉంచే వాళ్లు దాన్ని విడిగా లెక్కలో రాయండి. 50 వాట్లు లాగే డిష్ ఇరవై నాలుగు గంటలూ నడిస్తే ఇంకో 1200 వాట్ అవర్లు, మొత్తం పడవ ఖర్చు రెట్టింపైనట్టే.

ఇకపై ఫోన్‌లో కొలతలు విని రేటు చెప్పడం మానేశాం. పడవ లంగరేసి ఉన్నప్పుడు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ప్యానెళ్లు పెట్టాలనుకున్న చోటు ఫొటోలు మూడు తీసి పంపండి, నీడలు కనపడాలి. బూమ్‌ను పక్కకు కట్టి ఒకసారి, కట్టకుండా ఒకసారి తీస్తే ఇంకా మంచిది. ఆర్చ్ పని కూడా కలిస్తే ఇప్పుడు పడవ మా దగ్గర వదిలిన తొమ్మిది, పది వారాలకు గానీ అప్పజెప్పలేం. ఉన్నది ముగ్గురమే, పాత పనులు సరిచేయడం ముందు పెట్టుకున్నాం. ఆగలేని వాళ్లు వేరే చోట చేయించుకుంటామంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కిచ్చేస్తాం. సొంతంగా బిగించుకుంటామన్నా సంతోషమే, కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ కలిపి ఆ తర్వాతే ప్యానెల్ కలపండి, విప్పేటప్పుడు ముందు ప్యానెల్ తీయండి.

చివరగా ప్యానెల్ వైర్లను కలిపే కనెక్టర్ల మాట. ఒక దశలో సరుకు దొరక్క ఒక కంపెనీ మగ కనెక్టర్‌ను ఇంకో కంపెనీ ఆడ కనెక్టర్‌తో కలిపాం. టక్కున పడతాయి గానీ లోపల పిన్నులు సరిగ్గా ఆనవు, వదులైన చోట వేడెక్కి కరుగుతాయి. ఏయే పడవలకు అలా చేశామో మా దగ్గర రాసి ఉంది, ఒక్కొక్కరికీ కబురు చేసి ఉచితంగా మారుస్తాం. మేం వచ్చేలోపు వేలితో తాకి వేడిగా ఉందేమో చూడండి, ఉంటే వాడకం ఆపేయండి. కానీ ఎండలో కరెంటు పారుతుండగా మాత్రం వాటిని ఊడలాగొద్దు. డీసీ కరెంటు నిప్పు చిమ్ముతుంది, తొందరగా ఆరదు. సాయంత్రం చీకటి పడ్డాక తీయండి, లేదా ముందు ప్యానెళ్లను మందపాటి గుడ్డతో పూర్తిగా కప్పి, మీటర్‌లో కరెంటు సున్నా చూపించాక తీయండి.