వరిలో ఆర్సెనిక్: రెండు పరీక్షలకూ ఒకే పొడి కావాలి

సంపాదకులు గారికి,

బియ్యంలో ఆర్సెనిక్ గురించి వార్త వచ్చినప్పుడల్లా కిలోకు ఇన్ని మైక్రోగ్రాములని ఒక్క అంకె ఇచ్చి ఊరుకుంటున్నారు. ఆ అంకెను బట్టి ప్రమాదం తేల్చలేం. ఆర్సెనిక్ ఏ రసాయన రూపంలో ఉందో కొలిచే పరీక్ష, మొక్క జన్యువుల పనితీరు చూసే పరీక్ష, రెండూ ఒకే మొక్క నుంచి నూరిన ఒకే పొడిపై జరగాలి. రొయ్యల్లో, సముద్రపు చేపల్లో మొత్తం ఆర్సెనిక్ బియ్యంలో కంటే చాలా ఎక్కువ ఉండొచ్చు. అందులో ఎక్కువ భాగం ఆర్సెనోబీటైన్ అనే కర్బన రూపం, దానితో దాదాపు హాని లేదు. బియ్యంలో మాత్రం అకర్బన (కార్బన్‌తో కలవని) ఆర్సెనిక్, డైమిథైల్ ఆర్సెనిక్ ఆమ్లం (డీఎంఏ) ప్రధానం. మొదటిది క్యాన్సర్ కారకం. అందుకే పాలిష్ బియ్యానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2014లో పెట్టిన కిలోకు 0.2 మిల్లీగ్రాముల పరిమితి అకర్బన రూపానికే వర్తిస్తుంది.

జన్యు పరిశోధనలోనూ ఇదే లోపం కనిపిస్తోంది. అకర్బన ఆర్సెనిక్‌లో ఆర్సెనైట్, ఆర్సెనేట్ అని రెండు రూపాలున్నాయి. ఆర్సెనైట్ వరి వేరులోకి సిలికాన్ దారిలో, ఎల్‌ఎస్‌ఐ1, ఎల్‌ఎస్‌ఐ2 ప్రోటీన్ల గుండా వెళ్తుందని 2008లో తేలింది. ఆర్సెనేట్‌ది ఫాస్ఫేట్ దారి. నీరు నిలిచిన మడిలో మొదటిది, ఆరగట్టిన మడిలో రెండోది ఎక్కువ. వేరు దగ్గర ఏ రూపం ఉందో కొలవకపోతే, ఫాస్ఫేట్ రవాణా జన్యువు పనితీరు తగ్గిందన్న ఆర్‌ఎన్‌ఏ ఫలితానికి అర్థం చెప్పలేం. డీఎంఏ సంగతి మరీ తేడా. అది మిథైల్ సమూహాలు చేరిన ఆర్సెనిక్. వరి తనంతట తాను ఆర్సెనిక్‌కు మిథైల్ తగిలించలేదు. ఆ పని మట్టిలో ఆర్స్‌ఎం జన్యువున్న సూక్ష్మజీవులది. గింజలో డీఎంఏ పెరిగి, కంకులు తాలుపోయి నిటారుగా నిలబడితే, మొక్క జన్యువులతో పాటు మట్టి మెటాజినోమ్ (అందులోని సూక్ష్మజీవులన్నిటి జన్యువులు) కూడా చదవాలి.

పని చెడేది చాలావరకు నమూనా తీసేటప్పుడే. జన్యు బృందం వేర్లను ఆర్‌ఎన్‌ఏ పాడవకుండా కాపాడే ఆర్‌ఎన్‌ఏలేటర్ ద్రావణంలో వేస్తుంది. అందులో అమ్మోనియం సల్ఫేట్ దట్టంగా ఉంటుంది కాబట్టి ఆ నమూనా ఐసీపీ-ఎంఎస్‌కు (మూలకాలను ద్రవ్యరాశిని బట్టి కొలిచే యంత్రానికి) పనికిరాదు. రసాయన బృందం ఓవెన్‌లో ఆరబెడుతుంది. ఆర్‌ఎన్‌ఏ పాడవుతుంది, ఆర్సెనైట్ కొంత ఆర్సెనేట్‌గా మారుతుంది. వేరును చల్లటి నీళ్లలో గబగబా కడిగి, వెంటనే ద్రవ నత్రజనిలో ముంచి, అందులోనే నూరాలి. పొడి కరగకముందే 100 మిల్లీగ్రాములు ఆర్‌ఎన్‌ఏకు, 500 మిల్లీగ్రాములు రసాయన రూపాలకు పంచి, రెండూ మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచాలి. గొట్టాలపై ఒకే మొక్క సంఖ్య ఉండాలి. వేర్వేరు మొక్కల సగటులను పక్కపక్కన పెడితే అది జోడింపు అనిపించుకోదు.

గింజల్లో అకర్బన ఆర్సెనిక్‌కు 0.28 మోలార్ నైట్రిక్ ఆమ్లంలో 95 డిగ్రీల వద్ద 90 నిమిషాలు చాలు. వేరుకు ఈ పద్ధతి పెడితే ఆర్సెనిక్‌కు, దాన్ని మొక్కలో పట్టి ఉంచే ఫైటోకెలాటిన్‌లకు మధ్య బంధాలు విడిపోతాయి. అక్కడ మంచు చల్లదనంలో 1 శాతం ఫార్మిక్ ఆమ్లం వాడి అదే రోజు యంత్రంలో పెట్టాలి. మరో చిక్కు: గింజలోని గంధకం చేరిన డీఎంఏ రూపం నైట్రిక్ ఆమ్లంలో మామూలు డీఎంఏగా మారిపోతుంది. ఆ రూపం విషతీవ్రత ఎక్కువ. దాన్ని పట్టుకోవాలంటే ఎంజైములతో తీయాల్సిందే. ఇక ఐసీపీ-ఎంఎస్‌లో ఆర్గాన్, క్లోరిన్ కలిసి ద్రవ్యరాశి 75 దగ్గర ఆర్సెనిక్‌లాగే కనిపిస్తాయి, కనుక ఆ కలయికను వడకట్టే హీలియం సెల్ లాంటి ఏర్పాటు తప్పనిసరి.

విడి రూపాల మొత్తాన్ని, ఆమ్లంలో పూర్తిగా కరిగించి కొలిచిన మొత్తంతో సరిచూడాలి. యంత్రాన్ని సరిచూసుకోవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ ఇచ్చే 1568బి బియ్యప్పిండిలో కిలోకు మొత్తం 0.285, అకర్బనం 0.092, డీఎంఏ 0.180 మిల్లీగ్రాములు. ఆ పిండిని కొలిచినప్పుడు ఈ అంకెలు రాకపోతే జన్యు పట్టికతో పోల్చడం ఆపేయాలి.

ఈ పనికి కావలసిన విద్యలన్నీ ఒక్క హైదరాబాద్‌లోనే ఉన్నాయి. హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), రాజేంద్రనగర్‌లో భారత వరి పరిశోధన సంస్థ, ఈసీఐఎల్ దగ్గర పదార్థాల కూర్పు విశ్లేషణకు భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) వారి జాతీయ కేంద్రం. ఎండాకు తెగులును తట్టుకునే సాంబ మసూరిని మొదటి రెండు సంస్థలూ కలిసే తెచ్చాయి. నిధులిచ్చే శాఖలు వరి–ఆర్సెనిక్ ప్రతిపాదనల్లో నమూనా పంపకం ఎలా జరుగుతుందో రాయమని అడగాలి, జన్యు, రసాయన పట్టికలు రెండూ ఒకే మొక్క సంఖ్యలతో ప్రచురించాలని షరతు పెట్టాలి.

– విశ్లేషణ రసాయన శాస్త్ర అధ్యాపకులు, హైదరాబాద్